చాయ్ మానాలనుకునేవారికి కొన్ని కెఫీన్ విశేషాలు

రెండో రోజు తలనొప్పి

చాయ్ మానేసిన రెండో రోజు తల పగిలిపోతుంటే చాలామంది తమ మనోబలాన్నే అనుమానించుకుంటారు. అది అన్యాయం. కెఫీన్ ఆపితే వచ్చే ఈ బాధలను వైద్యశాస్త్రం ఏనాడో గుర్తించింది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్ఎం-5లో వీటికి విడిగా చోటిచ్చారు. ఆఖరి కప్పు తాగిన 12 నుంచి 24 గంటల్లో ఇవి మొదలవుతాయి. ఒకటి రెండు రోజులకు ముదురుతాయి. ఆ తర్వాత కొందరికి వెంటనే, కొందరికి తొమ్మిది రోజుల దాకా సాగి తగ్గిపోతాయి. తలనొప్పితో పాటు నిద్రమత్తు, చికాకు, పని మీద మనసు నిలవకపోవడం ఉంటాయి. కొందరికి వికారం, ఒళ్లునొప్పులు కూడా. జ్వరం తగులుతోందేమోనని దవాఖానకు పోయేవాళ్లూ ఉంటారు.

ఇలా ఎందుకవుతుంది? మనం మేలుకుని ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. అది తన గ్రాహకాల్లో కుదురుకుంటే నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ అణువు అచ్చం దాని పోలికలోనే ఉండి, బస్సు సీటు మీద ముందే తువ్వాలు వేసినట్టు ఆ గ్రాహకాలను ఆక్రమిస్తుంది. అలసట ఎక్కడిదక్కడే ఉంటుంది, దాని కబురు మాత్రం మెదడుకు అందదు. రోజూ తాగేవారి మెదడు ఇందుకు అలవాటుపడిపోతుంది. హఠాత్తుగా చాయ్ ఆపితే అడినోసిన్ ప్రభావం ఒక్కసారిగా పెరుగుతుంది, మెదడులో రక్తనాళాలు వెడల్పవుతాయి, తల బద్దలవుతుంది.

మెదక్‌లో ఒకే వారం, మూడు ఉపవాసాలు

2026 ఫిబ్రవరిలో ఒక అరుదైన కలయిక వచ్చింది. 15న మహాశివరాత్రి, 18న భస్మ బుధవారం, రంజాన్ నెల ఆరంభం కూడా ఆ వారంలోనే. మెదక్ లాంటి ఊరికి ఇది చిన్న విషయం కాదు. శివరాత్రికి మంజీర పాయల నడుమ ఏడుపాయల వనదుర్గమ్మ జాతర జరుగుతుంది. భస్మ బుధవారంతో క్రైస్తవులకు ఈస్టర్ దాకా సాగే నలభై రోజుల శ్రమకాలం మొదలవుతుంది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చి నీడన ఆ దినాలను నిష్ఠగా పాటించే కుటుంబాలు ఎన్నో. ఇష్టమైనదేదో ఒకటి వదులుకోవాలనే నియమంతో ఈ కాలంలో చాయ్, కాఫీ మానేవాళ్లు ఉన్నారు.

ఈ మూడింటిలో కెఫీన్ కథ మూడు రకాలు. శివరాత్రి ఒక్కపొద్దులో చాలామంది మానేది అన్నమే, చాయ్ కాదు. పైగా జాగారానికి అదే తోడు. రంజాన్‌లో సహరీకి తాగిన చాయ్ తర్వాత ఇఫ్తార్ దాకా చుక్క నీళ్లుండవు. అందుకే మొదటి రెండు మూడు రోజాలకు మధ్యాహ్నం దాటేసరికి తల పట్టేస్తుంది. తిండి, నీళ్లు లేకపోవడంతో పాటు కెఫీన్ అందకపోవడం కూడా దానికి కారణం. శ్రమకాలంలో చాయ్ మానేవారికి పొద్దున్నే ఫలహారం, నీళ్లు అన్నీ ఉంటాయి, అయినా గురువారం సాయంత్రానికి అదే తలనొప్పి! ఆ గురువారం తలనొప్పికి బాధ్యత అంతా కెఫీన్‌దే.

దీనికి విరుగుడు సులువైనదే. రంజాన్‌కు ముందొచ్చే షాబాన్ నెలలోనే రెండు మూడు రోజులకు ఒక్కో కప్పు చొప్పున తగ్గించుకుంటూ వస్తే తొలి రోజా తేలికవుతుంది. శ్రమకాలం పాటించేవారు భస్మ బుధవారానికి రెండు వారాల ముందు నుంచే మొదలుపెట్టవచ్చు. భక్తికి శరీరాన్ని కొంచెం ముందుగా సిద్ధం చేసుకోవడంలో తప్పేమీ లేదు.

ఇదే సంగతి ఆపరేషన్ థియేటర్‌లోనూ ఎదురవుతుంది. సర్జరీకి ముందు పరగడుపున ఉంచుతారు కదా. తర్వాత వచ్చే తలనొప్పుల్లో కొన్ని మత్తుమందు వల్ల వచ్చినవి కావు, ఆ పూట తప్పిన చాయ్ వల్ల వచ్చినవి. రోజుకు ఎన్నిసార్లు తాగుతారో డాక్టరుకు ముందే చెప్పడం మంచిది.

తార్నాక చెప్పిన లెక్క

దేశం మొత్తానికి ఏం తినాలో, ఎంత తినాలో చెప్పే సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. దాని పుట్టుక మాత్రం తేయాకు తోటల మధ్య. 1918లో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధి మీద పరిశోధనకు దీన్ని ఒక చిన్న గదిలో ప్రారంభించారు. 1958లో హైదరాబాద్‌కు తరలించారు. ఆ సంస్థే 2024 మే నెలలో భారత వైద్య పరిశోధన మండలితో కలిసి కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేస్తూ, చాయ్, కాఫీల గురించి సూటిగా మాట్లాడింది.

ఆ లెక్క ఇది. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్. ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65. చాయ్‌లో 30 నుంచి 65. రోజుకు మొత్తం 300 మిల్లీగ్రాములు దాటవద్దు. యూరప్ ఆహార భద్రతా సంస్థ ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు 400 దాకా ఫరవాలేదంటుంది. మన సంస్థ ఇంకాస్త జాగ్రత్త పడింది.

ఈ అంకెలను మెదక్‌లోని రాందాస్ చౌరస్తా చాయ్ బండి దగ్గరికి తెచ్చి చూద్దాం. బండి దగ్గర ఇచ్చే చిన్న కాగితం కప్పులో నురగ పోను పట్టేది 150 మిల్లీలీటర్లలో సగం ఉంటే గొప్ప. అంటే ఒక బండి చాయ్‌లో కెఫీన్ సుమారు 15 నుంచి 30 మిల్లీగ్రాములు. ఆ లెక్కన రోజుకు ఆరు తాగినా 300 దాటదు. ఇంట్లో స్టీలు గ్లాసు నిండా తాగే చాయ్, పెద్ద కప్పులో పోసుకునే ఫిల్టర్ కాఫీ లెక్క వేరు. డికాక్షన్ కాఫీ మూడు కప్పులకే గీత దగ్గరికి వస్తుంది.

మరి రోజుకు ఆరు బండి చాయ్‌లు తాగేవారికి ఏ నష్టమూ లేదా? ఉంది, అది చక్కెరది. కప్పుకు చెంచాన్నర వేసుకున్నా ఆరు కప్పులకు తొమ్మిది చెంచాలు. దాదాపు 40 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 గ్రాముల లోపుంటే మేలంటుంది. చాయ్ మానేశాక ఒళ్లు తేలికైందని, షుగర్ అదుపులోకొచ్చిందని చెప్పేవారి మాటల్లో సగం పుణ్యం ఆ చక్కెర మానినందుకే అని నా నమ్మకం. కెఫీన్ వదలలేనివారు ముందు చక్కెర వదిలినా పెద్ద మేలే.

గెటే ఇచ్చిన గింజలు

కాఫీలోంచి కెఫీన్‌ను మొట్టమొదట విడదీసింది 1819లో, ఒక కవి ప్రోద్బలంతో. ఫ్రీడ్‌లీబ్ రూంగె అనే కుర్ర రసాయన శాస్త్రవేత్త బెల్లడోనా మొక్క రసం వేస్తే పిల్లి కంటిపాప ఎలా పెద్దదవుతుందో జర్మన్ మహాకవి గెటేకు చేసి చూపించాడు. ముచ్చటపడిన గెటే అరుదైన కాఫీ గింజలు కొన్ని చేతిలో పెట్టి, వీటిలో ఏముందో తేల్చమన్నాడు. రూంగె తేల్చాడు. చాయ్‌లో ఉన్నది వేరే పదార్థమని అప్పట్లో అనుకున్నారు. రెండూ ఒకటేనని 1838లో రుజువైంది.

కాఫీ, తేయాకు, కోకో మొక్కలు కెఫీన్ తయారుచేసే విద్యను ఒకదాన్నుంచి ఒకటి నేర్చుకోలేదు. దేనికదే విడిగా సాధించుకున్నాయని 2014లో కాఫీ జన్యుపటం పూర్తయ్యాక తెలిసింది. ఆకుల్లో అది పురుగులకు విషం. పూల మకరందంలో మాత్రం మరీ స్వల్పంగా ఉండి తేనెటీగలకు జ్ఞాపకశక్తి పెంచుతుంది. 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన ఇది. కాఫీ పూలతో పాటు నిమ్మజాతి పూల మకరందంలోనూ కెఫీన్ ఉందని అందులో తేలింది. నల్లగొండ బత్తాయి తోటల్లో తిరిగే తేనెటీగలు కూడా ఒక రకంగా కాఫీ తాగుతున్నట్టే.

రాత్రి తొమ్మిదికి ఇంకా సగం

ఒంట్లో చేరిన కెఫీన్‌లో సగం పోవడానికి సగటున అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం నాలుగింటికి తాగిన చాయ్‌లో సగం రాత్రి తొమ్మిదింటికి ఇంకా రక్తంలోనే తిరుగుతుంటుంది. 'నాకు చాయ్ తాగినా నిద్ర పడతది' అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. నిద్ర పట్టవచ్చు, కాని గాఢ నిద్ర తగ్గుతుంది. 2013లో అమెరికాలో జరిగిన ఒక పరీక్షలో, పడుకునేందుకు ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నవారి నిద్ర గంటకు పైగా తగ్గింది.

ఈ అయిదు గంటలు అందరికీ ఒకటి కాదు. కెఫీన్‌ను విరిచేది కాలేయంలోని ఒక ఎంజైమ్. దాని వేగం పుట్టుకతో కొంత, అలవాట్లతో కొంత మారుతుంది. ఒకే బండి దగ్గర ఒకే చాయ్ తాగిన ఇద్దరిలో ఒకరు హాయిగా గురకపెట్టడం, ఇంకొకరు పైకప్పు చూస్తూ పడుకోవడం అందుకే.

బీడీ, సిగరెట్ తాగేవారిలో ఆ ఎంజైమ్ రెట్టింపు వేగంతో పనిచేస్తుంది. కాబట్టి వారికి చాయ్ తొందరగా దిగిపోతుంది, మళ్లీ కావాలనిపిస్తుంది. ఇక్కడే చాలామందికి తెలియని చిక్కుంది. బీడీ మానేసిన కొద్ది రోజులకే ఎంజైమ్ మామూలు వేగానికి వస్తుంది. అదే నాలుగు కప్పుల చాయ్ ఇప్పుడు ఎనిమిది కప్పుల పని చేస్తుంది. గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమి మొదలైతే మనిషి అదంతా బీడీ మానడం వల్లేననుకుని మళ్లీ బీడీ ముట్టిస్తాడు. దుబ్బాక, రామాయంపేట వైపు బీడీ పని ఇంటింటా ఉన్న ప్రాంతమిది. బీడీ మానేవారికి ఎవరైనా చెప్పాల్సిన మొదటి మాట, అదే రోజు నుంచి చాయ్ కూడా సగం చేయమని.

గర్భిణుల సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. నెలలు నిండేకొద్దీ కెఫీన్ బయటికి పోవడం బాగా నెమ్మదిస్తుంది. అయిదు గంటలు కాస్తా పదిహేను గంటల దాకా వెళ్తుంది. అది మాయ దాటి బిడ్డకు చేరుతుంది, బిడ్డకేమో దాన్ని విరిచే ఎంజైమ్ ఇంకా రాలేదు. యూరప్ సంస్థ గర్భిణులకు రోజుకు 200 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. 300 దాటుతున్నవారు తగ్గించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది.

అంత జాగ్రత్త చెప్పే వైద్యులే నెలలు నిండక పుట్టిన పసికందులకు కెఫీన్‌ను మందుగా ఇస్తారు. తక్కువ బరువుతో పుట్టినవారిలో ఊపిరి మధ్యమధ్య ఆగిపోతుంటుంది. కెఫీన్ సిట్రేట్ ఆ ఊపిరిని నిలబెడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో అది ఉంది. కెఫీన్‌ను విషమని తిట్టేవారు నవజాత శిశువుల వార్డు ఒక్కసారి చూడాలి.

మానేశామనుకుని మానని వాళ్లు

గ్రీన్ టీకి మారితే కెఫీన్ పోయినట్టు కాదు. ఆకుపచ్చదైనా నల్లదైనా అది ఒకే మొక్క ఆకు. కెఫీన్ కాస్త తక్కువ ఉంటుందేమో గాని లేకుండా పోదు. లెమన్ టీ, బెల్లం చాయ్, మసాలా చాయ్ అన్నీ ఇంతే. చాయ్‌పత్తను వేడినీళ్లలో అర నిమిషం ఉంచి ఆ నీళ్లు పారబోస్తే కెఫీన్ పోతుందని కొందరు నమ్ముతారు. పోయేది కొద్దిపాటే.

చికోరీలో కెఫీన్ అసలు లేదు. అది ఒక మొక్క వేరు. కాఫీ పొడిలో చికోరీ వాటా పెరిగేకొద్దీ కెఫీన్ తగ్గుతుంది, రంగూ చిక్కదనమూ తగ్గవు. మెల్లగా మానాలనుకునే కాఫీ ప్రియులకు ఇది మంచి దారి. రోబస్టా గింజలతో పోలిస్తే అరబికాలో కెఫీన్ దాదాపు సగమే. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మన అరకు కాఫీ అరబికానే.

డీకాఫ్ అనే కెఫీన్ తీసిన కాఫీని వ్యాపారంగా నిలబెట్టింది జర్మనీలోని బ్రెమెన్ నగరానికి చెందిన లుడ్విగ్ రోజెలియస్. తన తండ్రి మరణానికి అతిగా తాగిన కాఫీయే కారణమని ఆయన నమ్మాడు. 1906లో కంపెనీ పెట్టి, బెంజీన్ అనే ద్రావకంతో గింజల్లోంచి కెఫీన్ తీయించాడు. బెంజీన్ క్యాన్సర్ కారకమని తర్వాతి కాలంలో తెలిసి ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు నీటితోనో, కార్బన్ డయాక్సైడ్‌తోనో, ఇతర ద్రావకాలతోనో తీస్తారు. అప్పటికీ కప్పుకు రెండు మూడు మిల్లీగ్రాములు మిగులుతుంది.

అన్నిటికంటే విచిత్రం మందుల షాపులో జరుగుతుంది. చాయ్ మానినందుకు వచ్చిన తలనొప్పికి మాత్ర వేసుకుంటే తగ్గుతుంది. ఎందుకంటే మన దగ్గర దొరికే కొన్ని తలనొప్పి మాత్రల్లో కెఫీన్ కూడా కలిపి ఉంటుంది! ఆ స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదివి కొనండి.

ఇంకో రెండు మాటలు. థైరాయిడ్ మాత్రను నీళ్లతోనే వేసుకుని, చాయ్ కాఫీలకు కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. లేకపోతే మందు సరిగా ఒంటబట్టదు. బీపీ చూపించుకునే ముందు అరగంట చాయ్ తాగకూడదు, అంకె పెరిగి కనిపిస్తుంది.

మానినవారి వరసలో

లండన్‌లో చదువుకునే రోజుల్లో గాంధీ చాయ్, కాఫీ మానేసి కోకోకు మారారు. ఆ కాలపు ఆరోగ్య ప్రచారకులు కోకో మంచిదనేవారు. కోకోలోనూ కొద్దిగా కెఫీన్ ఉంటుందన్నది వేరే సంగతి. 1908లో దక్షిణాఫ్రికాలో తొలిసారి జైలుకెళ్లినప్పుడు భారతీయ ఖైదీలకు అక్కడ చాయ్, కాఫీ ఇచ్చేవారు కాదు. విడుదలయ్యాక ఆ నియమాన్ని తనంతట తానే కొనసాగించారు. 1942లో ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలో రాసిన ఆరోగ్య గ్రంథంలోనూ ఇవి శరీరానికి అవసరం లేదనే తేల్చారు.

1925 నుంచి నూజివీడులో గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రిని నడుపుతున్న సెవెంత్ డే అడ్వెంటిస్టులు చాయ్, కాఫీలకు దూరంగా ఉండాలని బోధిస్తారు. ఇస్కాన్ దీక్ష తీసుకున్న కృష్ణభక్తులకు కూడా ఇవి నిషిద్ధమే. ఒకరు చర్చికి, ఒకరు గుడికి వెళ్లినా ఈ ఒక్క విషయంలో వారి వంటిళ్లు ఒకేలా ఉంటాయి.

చాయ్ లేని బతుకు ఊహించలేమంటాం గాని, మన ముత్తాతల పొద్దు చాయ్‌తో మొదలయ్యేది కాదు. 1903లో తేయాకు ఎగుమతుల మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో ప్రచారం నడిపారు. 1930లలో ఇండియన్ టీ మార్కెట్ ఎక్స్‌పాన్షన్ బోర్డు బజార్లలో, మిల్లుల దగ్గర చాయ్ కాచి చూపించి అలవాటు చేయించింది. పనిగట్టుకుని నేర్పితే నేర్చుకున్న అలవాటే ఇది.

ఆటల్లోనూ కెఫీన్‌కు ఒక చరిత్ర ఉంది. 1984 నుంచి 2004 దాకా ఒలింపిక్ నిషేధిత పదార్థాల్లో కెఫీన్ కూడా ఉండేది, ఒక మోతాదు దాటితే. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా పెంటాథ్లాన్ ఆటగాడు అలెక్స్ వాట్సన్‌ను ఆ కారణంతోనే బయటికి పంపారు.

పిల్లల చేతిలో సీసా

కాలేజీ పిల్లల చేతుల్లో ఇప్పుడు చాయ్ కంటే ఎక్కువగా ఎనర్జీ డ్రింకు సీసాలు కనిపిస్తున్నాయి. భారత ఆహార భద్రతా సంస్థ నిబంధన ప్రకారం 'కెఫీన్ పానీయం' అని అమ్మేవాటిలో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండవచ్చు. అంటే 250 మిల్లీలీటర్ల సీసాలో 75 దాకా. మన బండి చాయ్ మూడు నాలుగింటికి సమానం, ఒక్క గుక్కలో. పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు తాగకూడదని ఆ సీసా మీదే రాసి ఉంటుంది. యూరప్ సంస్థ పిల్లలకు చెప్పే హద్దు కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు. 20 కిలోల పిల్లవాడికి 60. ఆ ఒక్క సీసాతోనే హద్దు దాటిపోవచ్చు. పదో తరగతి పరీక్షల ముందు రాత్రి చదువుకని ఈ సీసాలు కొనిచ్చే తల్లిదండ్రులను చూస్తే నాకు బాధేస్తుంది. పరీక్ష నాడు పిల్లలకు కావలసింది రాత్రి నిద్ర.

మానేటప్పుడు

ఒక్కసారిగా మానొద్దు. ముందు సాయంత్రం చాయ్ ఆపండి, నిద్ర బాగుపడుతుంది. రెండు మూడు రోజులకు ఒక కప్పు చొప్పున తగ్గించండి. పొద్దున్నేది అన్నిటికంటే చివర. కప్పు తగ్గించడం ఇష్టం లేకపోతే గిన్నెలో చాయ్‌పత్త తగ్గించి అల్లం, యాలకులు పెంచండి. రెండు మూడు వారాల్లో తలనొప్పి రాకుండానే గట్టెక్కుతారు.

ఇంకోటి, చేతికి గ్లాసు అలవాటైపోయి ఉంటుంది, దానిలో ఏదో ఒకటి ఉండాలి. ధనియాల కషాయం, శొంఠి కషాయం, జీలకర్ర నీళ్లు, సుగంధి షర్బత్, మజ్జిగ. అన్నిటికంటే మేలైనది మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. రాత్రి రాగిపిండిని నీళ్లలో కలిపి పులియబెట్టి, తెల్లారి పొయ్యి మీద గడ్డ కట్టకుండా తిప్పుతూ కాచి, చల్లారాక మజ్జిగ పోసి, ఉప్పు వేసి, ఉల్లిపాయ నంజుకుని తాగే అంబలి. తార్నాక సంస్థ 2017 పట్టిక ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఎండాకాలం ఊళ్లలో పెట్టే అంబలి కేంద్రాలు ఏడాది పొడుగునా నడిస్తే ఎంత బాగుండు.

అందరూ మానాలా? నా దృష్టిలో అవసరం లేదు. మితంగా కాఫీ తాగేవారిలో కాలేయ జబ్బులు, టైప్-2 మధుమేహం తక్కువగా కనిపిస్తున్నాయని ఎన్నో పరిశీలనలు చెబుతున్నాయి. గుండెదడ, నిద్రలేమి, ఆందోళన, ఛాతీలో మంట ఉన్నవారు, గర్భిణులు బాగా తగ్గించాలి. మిగతావారు ఎంత తాగుతున్నారో దాని కంటే ఎప్పుడు తాగుతున్నారో ముందు చూసుకోవాలి.

రక్తం తక్కువైన ఇంట్లో చాయ్ వేళ

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. సగం కంటే ఎక్కువ. ఈ అంకె పక్కన ఒక పొద్దుటి దృశ్యం పెట్టి చూడండి. వానాకాలం నాట్ల రోజుల్లో మెదక్ చుట్టుపక్కల పల్లెల నుంచి కైకిలి పోయే ఆడవాళ్లు ఆరింటికల్లా ఆటో ఎక్కాలి. వంట చేసి పెట్టి, పిల్లలను లేపి, తాము మాత్రం ఒక చాయ్‌లో రెండు బిస్కెట్లు ముంచుకుని బయలుదేరుతారు. ఆకలి చచ్చిపోతుంది. అంబటాళ్ల పొలం గట్టు మీద సద్ది విప్పి అన్నం తింటారు. ఆ వెంటనే క్యాన్‌లో వచ్చిన చాయ్ తలా ఒక గ్లాసు.

నష్టం ఆ రెండో గ్లాసులో ఉంది. చాయ్‌లోని టానిన్లు అన్నంలో, పప్పులో, తోటకూరలో ఉన్న ఇనుమును పట్టుకుని ఒంటబట్టకుండా చేస్తాయి. భోజనంతో పాటు చాయ్ తాగితే అందాల్సిన ఇనుములో సగానికి పైగా తగ్గిపోతుందని 1983లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో తేలింది. అందులోనే కాఫీతో ఇంకో సంగతి కూడా బయటపడింది. భోజనానికి గంట ముందు తాగిన కాఫీ వల్ల నష్టం లేదు. భోజనమయ్యాక గంటకు తాగితే మాత్రం, భోజనంతో తాగినంత నష్టమూ జరిగింది. మాంసం తినేవారికి దెబ్బ కొంత తక్కువ, ఎందుకంటే మాంసంలోని ఇనుము ఇంత సులువుగా చిక్కుకోదు. ఇనుము కోసం పప్పు, ఆకుకూరల మీదే ఆధారపడినవారికి పూర్తి దెబ్బ తగులుతుంది. ఇందులో తప్పు కెఫీన్‌ది కాదు, కాబట్టి కెఫీన్ తీసిన టీతోనూ ఇదే జరుగుతుంది. చాయ్ ఎంతసేపు మరిగితే టానిన్లు అంత దిగుతాయి. పొలానికి పంపే చాయ్ మళ్లీ మళ్లీ మరిగిందే.

తార్నాక సంస్థ కూడా ఈ విషయంలో హెచ్చరించింది. భోజనానికి కనీసం గంట ముందు, గంట తర్వాత చాయ్, కాఫీ వద్దు. పై పరిశోధనను బట్టి చూస్తే తిన్న తర్వాత గంట కంటే ఇంకా ఎక్కువసేపు ఆగడమే మేలు. ఈ ఒక్క మాట దేశంలోని అన్ని రాష్ట్రాల కంటే ముందు మన పల్లెల్లో పాటించాలి, చెప్పినవాళ్లు మన పక్క ఊరివాళ్లే.

ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. నోటికి చేదుగా ఉందని, కడుపులో తిప్పుతోందని చాయ్‌తో మింగితే ఆ 180 రోజుల శ్రమలో చాలా భాగం వృథా. నిమ్మరసం పిండిన నీళ్లతో మింగితే ఇనుము ఇంకా బాగా ఒంటబడుతుంది. ఉసిరి, జామ ఏది దొరికినా మంచిదే.

మీ ఇంట్లో గర్భిణి ఉన్నా, నెలసరి మొదలైన ఆడపిల్ల ఉన్నా, నాట్లకు పోయే అమ్మ ఉన్నా, అన్నం తిన్న వెంటనే వాళ్ల చేతికి చాయ్ గ్లాసు అందించకండి. చాయ్ మానమని కూడా చెప్పనక్కర్లేదు. గంటతో సరిపెట్టక, వీలైతే రెండు గంటలు ఆగి ఇవ్వండి.